సంగీత పండుగకు వెళ్తున్నారా? టెంటు కంటే ముందు నేల చూడండి

రాత్రి రెండున్నర ప్రాంతంలో నా వీపు కింద చల్లగా తగిలింది. చెయ్యి పెట్టి చూస్తే నీళ్లు. టెంటు పైకప్పు నుంచి ఒక్క చుక్క కూడా కారలేదు. అతుకులు గట్టిగానే ఉన్నాయి. నీళ్లు కింద నుంచి వచ్చాయి. మేం ఆరుగురం, నెల్లూరు నుంచి నలుగురం, ఒంగోలు నుంచి ఇద్దరు. ఆరు నెలలు డబ్బులు దాచుకుని వెళ్లిన సంగీత పండుగ అది. రెండో రాత్రికే బ్యాగులు, దుప్పట్లు, రెండు ఫోన్లు తడిసిపోయాయి. తెల్లారేసరికి మాలో ఒకడికి జ్వరం. ఎవరి పాట కోసం అంత దూరం వెళ్లామో, ఆ కచేరీ జరుగుతున్న సమయానికి మేం పక్క ఊళ్లో ఒక లాడ్జి గదిలో బట్టలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాం.

తిరిగొచ్చాక కోవూరులో మా మామకు ఫొటోలు చూపించాను. ఆయనది వరి సేద్యం. మా టెంటు ఉన్న చోటు ఫొటో చూసి, "చుట్టూ గడ్డి ఎండిపోయి ఉంది, మీరున్న కాడ మాత్రం పచ్చగా ఉంది. ఆడ నీళ్లు నిలబడతాయని గడ్డే చెప్తా ఉంది కదా అబ్బయా!" అన్నాడు. నీరు పల్లమెరుగు అనే మాట చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. టెంటు బుక్ చేసేటప్పుడు గుడ్డ చూశాం, ధర చూశాం, రంగు కూడా చూశాం. పల్లం ఎటుందో మాత్రం చూడలేదు.

ఆ తర్వాత చాలా పండుగలకు వెళ్లాను, చాలా చోట్ల పడుకున్నాను. ఏటా ఆగస్టు వచ్చేసరికి కావలి, సింగరాయకొండ, ఒంగోలు నుంచి పిల్లలు ఫోన్ చేసి, "అన్నా, ఏ టెంటు కొనమంటావు?" అని అడుగుతుంటారు. ఆ ప్రశ్న చివర్లో అడగాల్సింది. ముందు ఎవరెవరు వెళ్తున్నారు, ఎలాంటి నేల, ఎలాంటి వాతావరణం, రాత్రి ఎంతసేపు నిద్రపోగలరు అనేవి తేలాలి. అవి తేలితే టెంటు ఏదో దానంతటదే తెలుస్తుంది. అదే వరసలో చెప్తాను.

మొదటి మెట్టు: మనుషుల లెక్క

పండుగ టికెట్ కొనకముందే అందరూ ఒకచోట కూర్చుని మనసు విప్పి మాట్లాడుకోండి. గురక పెట్టేవాళ్లు ఎవరు? నడుము నొప్పితో నేల మీద పడుకోలేనివాళ్లు ఎవరు? ఉబ్బసం ఉన్నవాళ్లు, రోజూ మందు వేసుకునేవాళ్లు ఉన్నారా? రాత్రి రెండింటి దాకా స్టేజీ దగ్గరే ఉండేవాళ్లూ, పదకొండుకే నిద్ర ముంచుకొచ్చేవాళ్లూ ఒకే టెంటులో ఉంటే రెండో రోజుకే మాటలు పెరుగుతాయి. స్నేహితుల మధ్య ఇలాంటివి అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి. ఆరుగురికి ఒక పెద్ద టెంటు కంటే ముగ్గురికొకటి చొప్పున రెండు చిన్నవి మేలు. నిద్రవేళలు కలిసేవాళ్లు ఒక దాంట్లో ఉంటారు. ఒకటి తడిసినా రెండోది మిగులుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లనో చిన్న పిల్లల్నో తీసుకెళ్తుంటే నా మాట వినండి, మొదటిసారి టెంటు వద్దు. పండుగ జరిగే ఊళ్లో గది గానీ, హోమ్‌స్టే గానీ తీసుకోండి.

రెండో మెట్టు: ఆ ఊరి నేల, ఆ నెల వాన

ఈ విషయంలో కాస్త ఎక్కువ చెప్పాలి. ఇక్కడ తప్పితే తర్వాత ఎంత ఖర్చుపెట్టినా కుదరదు.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది అరుణాచల్ ప్రదేశ్‌లో జీరో అనే ఊళ్లో జరిగే సంగీతోత్సవం గురించి. 2012లో మొదలైంది. సెప్టెంబరులో నాలుగు రోజులు జరుగుతుంది. వెదురుతో కట్టిన స్టేజీలు, చుట్టూ అపతానీలనే అక్కడి తెగవాళ్లు సాగుచేసే వరి మళ్లు. ఆ మళ్లలో నీళ్లు నిలబెట్టి వరితో పాటు చేపలు కూడా పెంచుతారు. నెల్లూరు మనిషికి ఇంతకంటే వివరంగా చెప్పక్కర్లేదు. చేప పెరిగే మడి పక్క నేల ఎలా ఉంటుందో మనకు తెలుసు. పైగా సెప్టెంబరంటే అక్కడ వానలు ఇంకా పూర్తిగా వెనక్కి తగ్గని కాలం. ఊరు 1500 మీటర్లకు పైన ఉంటుంది కాబట్టి పగలు హాయిగా ఉన్నా రాత్రి చలి వేస్తుంది. అంటే అక్కడ బస ఎంచుకునేటప్పుడు మొదటి శత్రువు తడి, రెండోది చలి.

రాజస్థాన్ షెఖావతీ ప్రాంతంలోని అల్సీసర్‌లో 2013 నుంచి మాగ్నెటిక్ ఫీల్డ్స్ అనే పండుగ జరుగుతూ వచ్చింది. అది డిసెంబరులో జరిగేది. మహల్‌లో గదులు, బయట టెంట్లు ఉండేవి. అక్కడ వాన భయం దాదాపు లేదు. కానీ ఇసుక నేల రాత్రిపూట చల్లబడిపోతుంది. నెల్లూరు చలికాలం చూసి సర్దుకున్న బట్టలు అక్కడికి ఏ మూలకూ చాలవు.

ఇంగ్లండులో చదువుకుంటున్న మన పిల్లలు అడిగేది గ్లాస్టన్‌బరీ గురించి. 1970లో ఒక పాడి రైతు పొలంలో మొదలై, ఇప్పుడు రెండు లక్షల మంది పట్టే పండుగ అయింది. మామూలు టికెట్‌లోనే టెంటు వేసుకునే చోటు కలిసి ఉంటుంది. టెంటు ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి. 2005లో శుక్రవారం పొద్దున ఉరుములతో వాన కురిసి, పల్లంలో ఉన్న టెంట్లు నీటిలో మునిగిపోయాయి. మెరక మీద ఉన్నవాళ్లకు బురద మాత్రమే మిగిలింది. పండుగ ఒకటే, వాన ఒకటే, కొందరి టెంట్లు మునిగాయి, కొందరివి నిలిచాయి. తేడా నేలలోనే ఉంది.

మన జిల్లా సంగతే చూడండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోతకు గురైంది, కోవూరు వైపు హైవే తెగింది. అంత వరదలో కూడా ఒకే ఊళ్లో ఒక వీధి మునిగితే పక్క వీధి పొడిగా ఉంది. పల్లం, మెరక అనే లెక్క మనకు పుస్తకాలు చూసి నేర్చుకోవాల్సింది కాదు. ఊరు దాటగానే దాన్ని మర్చిపోతున్నామంతే.

కాబట్టి పండుగ ఖాయం కాగానే రెండు పనులు చెయ్యండి. ఆ ఊళ్లో ఆ నెలలో రాత్రి ఉష్ణోగ్రత ఎంత ఉంటుందో, వానలు ఎన్ని రోజులు పడతాయో వాతావరణ శాఖ లెక్కల్లో చూడండి. తర్వాత ఫోన్‌లో ఉపగ్రహ చిత్రం తెరిచి ఆ మైదానాన్ని వెతకండి. వాగు ఎటుంది, చెరువు ఎటుంది, మళ్లు ఎటున్నాయి, దారులు ఎక్కడ కలుస్తున్నాయి, అన్నీ కనిపిస్తాయి. పావుగంట పని.

మూడో మెట్టు: ఎన్ని రకాల బస ఉంటుంది

పెద్ద పండుగల్లో బస నాలుగైదు రకాలుగా దొరుకుతుంది. వీటి గురించి నా అభిప్రాయం దాచుకోకుండా చెప్తాను.

*సొంత టెంటు.* ఖర్చు తక్కువ, మోత ఎక్కువ. చోటుకు మాత్రం విడిగా రుసుము కట్టాల్సి రావచ్చు. నెల్లూరు నుంచి జీరోకు వెళ్లాలంటే మన లైను మీదుగా పోయే వివేక్ ఎక్స్‌ప్రెస్‌లో గువాహటి దాకా రెండు రాత్రులకు పైనే ప్రయాణం. అక్కడ రైలు మారి నాహర్లగున్, అక్కడి నుంచి సుమోలో దాదాపు 100 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. అంత దూరం టెంటు, పరుపు, స్లీపింగ్ బ్యాగు మోసుకుపోవడానికి మీ భుజాలు ఒప్పుకుంటాయా? ఏటా రెండు మూడు పండుగలకు వెళ్లేవాళ్లకు సొంత టెంటు లాభం. ఒక్కసారి చూసి వద్దామనుకునేవాళ్లు అద్దెకు తీసుకోవడమే తెలివైన పని.

*వేసి ఉంచిన టెంటు.* మనం వెళ్లేసరికి టెంటు నిలబెట్టి, లోపల పరుపు, దుప్పటి పెట్టి ఉంచుతారు. దూరం నుంచి వెళ్లే మనలాంటివాళ్లకు ఎక్కువగా నప్పేది ఇదే. ఇందులో ఒక చిక్కుంది, చోటు మన చేతిలో ఉండదు. మాకు నీళ్లు వచ్చింది ఇలాంటి టెంటులోనే. ఆ నిర్వాహకులు వరసలు అందంగా కనబడాలని పచ్చిక మీద వేశారు. ఏ చోటు ఇస్తున్నారో ముందే అడిగే హక్కు మనకు ఉందని ఆ రోజు మాకు తెలియదు.

*పెద్ద గుడారం, స్విస్ టెంటు, డోమ్.* మంచం, దీపం, కొన్నింటికి విడిగా బాత్రూమ్ ఉంటాయి. ధర హోటల్ గదికి తగ్గదు. మంచం ఉండటం నిజంగా పెద్ద సౌకర్యం, ఎందుకంటే నేల తడి, నేల చలి రెండూ తగలవు. నడుము నొప్పి ఉన్నవాళ్లకు ఇది విలాసం కాదు, అవసరం.

*హోమ్‌స్టే, ఊళ్లో గది.* పొడిగా పడుకోవచ్చు, వేడినీళ్లు దొరకొచ్చు, ఆ ఊరివాళ్ల ఇంటి భోజనం తినొచ్చు. చివరి కచేరీ అయ్యాక అర్ధరాత్రి గదికి ఎలా చేరతారన్నదే ప్రశ్న. బండి మాట్లాడి పెట్టుకుంటే తప్ప దీన్ని తీసుకోకండి.

వ్యాన్‌లో పడుకోవడం మన దగ్గర ఇంకా తక్కువ. కారు సీట్లు వెనక్కి వాల్చి పడుకుందామనే ఆలోచన ఒక రాత్రికి సరే, నాలుగు రాత్రులకు కాదు.

నాలుగో మెట్టు: డబ్బు కట్టేముందు అడగాల్సినవి

మొదట అడగాల్సింది, ధర టెంటుకా, మనిషికా? "ఇద్దరి టెంటు" అని రాసి మనిషికి ధర వేస్తారు, మనం టెంటు మొత్తానికనుకుంటాం. ఎన్ని రాత్రులు, ఏ రోజు ఎన్ని గంటలకు లోపలికి వదులుతారు, చివరి రోజు ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి అనేవి రాతలో తీసుకోండి. మెయిల్ అయినా సరే, వాట్సాప్ అయినా సరే. ఫోన్‌లో చెప్పిన మాట తర్వాత ఎవరికీ గుర్తుండదు.

తర్వాత నీళ్లు, టాయిలెట్ల సంగతి. మొదటిసారి మాతో వచ్చిన ఒంగోలు చెల్లెలు ఒక ప్రశ్న అడిగింది. "అన్నా, టాయిలెట్లు ఎన్ని ఉన్నాయని కాదు, రాత్రి అక్కడికి పోయే దారిలో లైట్లు ఉన్నాయా అని అడుగు." అప్పటి నుంచి నేను ఏ నిర్వాహకుడినైనా ముందు అడిగేది ఇదే. ఆడపిల్లలకు వేరే విభాగం ఉందా, రాత్రంతా కాపలా మనుషులు తిరుగుతారా, వైద్య శిబిరం ఎక్కడ? వీటికి నేరుగా జవాబు చెప్పనివాళ్ల దగ్గర బుక్ చెయ్యకండి.

ఇక నేల. "టెంట్లు మెరక మీద వేస్తున్నారా? పోయినసారి వాన పడినప్పుడు ఏ వరస తడిసింది?" అని అడగండి. నిజాయితీగా పనిచేసేవాళ్లు ఈ ప్రశ్నకు విసుక్కోరు, ఫలానా వైపు కాస్త తడిగా ఉంటుందని వాళ్లే చెప్తారు. గట్టు వైపు చోటు ఇమ్మని మెయిల్‌లో రాసి పెట్టండి.

డబ్బు మాత్రం పండుగ వెబ్‌సైట్‌లో చూపించిన దారిలోనే కట్టండి. టికెట్లు అయిపోయాక "మా దగ్గర రెండు టెంట్లు ఉన్నాయి, ఈ నంబరుకు పంపించండి" అని మెసేజ్‌లు వస్తాయి. తొందరలో ఉన్నప్పుడే మనిషి మోసపోతాడు. రద్దు చేసుకుంటే ఎంత తిరిగి ఇస్తారో కూడా కట్టేముందే చూడాలి.

జీరోకు వెళ్లేవాళ్లకు ఇంకో పని ఉంది. అరుణాచల్‌లోకి అడుగుపెట్టాలంటే ఇతర రాష్ట్రాలవాళ్లకు ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. బస బుక్ చేసిన రోజే దీనికి కూడా తేదీ రాసిపెట్టుకోండి. ప్రింటు రెండు కాపీలు తీసి వేర్వేరు బ్యాగుల్లో పెట్టండి.

ఐదో మెట్టు: ఇప్పుడు టెంటు

సొంతంగా కొంటున్నా, అద్దెకు తీసుకుంటున్నా చూడాల్సినవి ఇవే.

మనుషుల సంఖ్య. టెంటు మీద "4" అని రాసి ఉంటే, నలుగురు భుజానికి భుజం ఆనించి పడుకుంటే పడతారని అర్థం. మనిషికి 55 నుంచి 60 సెంటీమీటర్ల వెడల్పు లెక్కేస్తారు. బ్యాగులకు ఏ లెక్కా లేదు. అందుకే ముగ్గురికి నలుగురి టెంటు, ఇద్దరికి ముగ్గురి టెంటు తీసుకోండి.

నీటిని ఆపే శక్తి. దీన్ని మిల్లీమీటర్లలో రాస్తారు. 2000 అని ఉంటే, ఆ గుడ్డ మీద 2 మీటర్ల ఎత్తున నీటిని నిలబెట్టేదాకా కారదని అర్థం. పైపొరకు 2000 ఉంటే మామూలు వానకు చాలు. జీరో లాంటి చోటికి 3000 దాకా ఉంటే నిశ్చింత. అడుగుకు ఎప్పుడూ పైపొర కంటే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే తడి నేల మీద మోకాలు ఆనించినప్పుడు మన బరువు నీటిని గుడ్డలోంచి పైకి నెడుతుంది. అడుగు గుడ్డ అంచులు తొట్టిలా జానెడు పైకి లేచి ఉన్నాయా, అతుకుల మీద లోపలి వైపు టేపు అంటించి ఉందా అని చేత్తో తడిమి చూడండి.

రెండు పొరలు తప్పనిసరి. లోపల వలగుడ్డ, బయట వానగుడ్డ, మధ్యలో గాలి ఆడే ఖాళీ. ఒకే పొర ఉన్న చవక టెంట్లలో మన ఊపిరిలోని తేమే పొద్దునకు చుక్కలుగా మారి మన మీదే పడుతుంది. టెంటు కారిందని చాలామంది అనుకునేది దీన్నే.

విసిరితే దానంతటదే తెరుచుకునే టెంటు చూడటానికి బాగుంటుంది. మడిస్తే పెద్ద చక్రంలా అవుతుంది, రైలు బెర్తు కింద పట్టదు, సుమో పైన కట్టాలి. మన దూరాలకు అది వద్దు.

టెంటు కింద పరిచే పట్ట గురించి ఒక మాట. మనవాళ్లు వడ్ల మీద కప్పే టార్పాలిన్ పట్ట తీసుకెళ్తారు. మంచి ఆలోచన. అది టెంటు అడుగు కంటే పెద్దదిగా ఉంటేనే ప్రమాదం. బయటికి వచ్చిన అంచు మీద పడిన వాననీళ్లు నేరుగా టెంటు కిందికి పోయి చేరతాయి. పట్ట నాలుగు వైపులా టెంటు కంటే నాలుగు వేళ్లు లోపలికి ఉండేట్టు మడవండి.

పడక విషయంలో మనకు అలవాటైన బొంత ఇక్కడ పనికిరాదు. ఒకసారి తడిస్తే నాలుగు రోజులూ ఆరదు. నీళ్లు పీల్చని ఫోమ్ చాప కింద వేసుకోండి. చలి పైనుంచి వచ్చే దానికంటే నేలలోకి పోయే వేడి వల్లే ఎక్కువ తెలుస్తుంది. స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. అందులో "కంఫర్ట్" అన్న అంకెనే నమ్మండి. "ఎక్స్‌ట్రీమ్" అన్నది ప్రాణం నిలబడే హద్దు, నిద్రపట్టే హద్దు కాదు. జీరోకు కంఫర్ట్ 10 డిగ్రీలది సరిపోతుంది. డిసెంబరు రాజస్థాన్‌కు 5 డిగ్రీలు గానీ అంతకు తక్కువది గానీ తీసుకోండి.

ఆరో మెట్టు: ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడండి

కొత్త టెంటును మొదటిసారి చీకట్లో, వానలో, మూడు రోజుల ప్రయాణ బడలికతో వెయ్యాల్సి వస్తే ఎంత టెన్షనో పడినవాళ్లకే తెలుసు. బయల్దేరే రెండు వారాల ముందు మిద్దె మీద వెయ్యండి. మిద్దె మీద గూటాలు దిగవు కాబట్టి తాళ్లను నీళ్లు నింపిన క్యాన్లకు కట్టండి. తర్వాత మోటారు వేసి పైపుతో పావుగంట సేపు పైనుంచి, పక్కల నుంచి నీళ్లు కొట్టండి. లోపల ఒకరు కూర్చుని ఏ అతుకు కారుతుందో గుర్తు పెట్టాలి. కారిన చోట అతుకు జిగురు రాసి ఒక రోజు ఆరనిస్తే చాలు.

రెండో పరీక్ష గాలికి. ఒక సాయంత్రం మైపాడు గానీ కొత్తపట్నం గానీ తీసుకెళ్లండి. సముద్రపు గాలిలో టెంటు నిలబెట్టడం వచ్చిందంటే ఇంకెక్కడైనా వస్తుంది. ఇసుకలో సన్న గూటం నిలవదు. చిన్న సంచిలో ఇసుక నింపి, దానికి తాడు కట్టి, మూరెడు లోతున అడ్డంగా పూడ్చండి. గట్టిగా లాగినా రాదు. అల్సీసర్ లాంటి ఇసుక నేలలో ఇదే అక్కరకొస్తుంది.

విమానంలో వెళ్లేవాళ్లు గూటాలు, కడ్డీలు చెక్-ఇన్ బ్యాగులో వెయ్యాలి. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే ఉండాలి. గ్యాస్ డబ్బాలు విమానంలో గానీ, రైల్లో గానీ వద్దు.

ఏడో మెట్టు: మైదానంలో చోటు

చోటు మనమే ఎంచుకునే అవకాశం ఉంటే తొందరగా చేరడమే సగం బలం. గ్లాస్టన్‌బరీలో పెద్ద స్టేజీల కచేరీలు శుక్రవారం మొదలైతే గేట్లు బుధవారమే తెరుస్తారు, మంచి చోట్లు ఆ రోజే నిండుతాయి. మన దేశంలో కూడా అంతే. మొదటి రోజు పగటి వెలుగులో చేరేట్టు రైలు చూసుకోండి.

చేరగానే బ్యాగులు దించి ఒకరిని కాపలా ఉంచి, ఇద్దరు చుట్టూ తిరిగి రండి. గడ్డి మరీ పచ్చగా, మెత్తగా ఉన్న చోటు వద్దు. మడమతో నొక్కితే తడి ఊరే చోటు వద్దు. ఎండిన బురద పెచ్చులు, ఆకులు ఒక గీతలా చేరి ఉంటే పోయిన వానకు నీళ్లు అక్కడిదాకా వచ్చాయని గుర్తు. గెనెం, అంటే పొలం గట్టు పక్కన ఎత్తుగా ఉన్న చోటు, మెల్లగా వాలు ఉన్న చోటు మంచిది. తల ఎగువకు, కాళ్లు దిగువకు పెట్టుకోండి. టెంటు చుట్టూ కాలవ తవ్వడం మన పాత అలవాటు. అది ఎవరో రైతు పొలం, చాలా పండుగల్లో తవ్వనివ్వరు. సరైన వాలు ఎంచుకుంటే తవ్వే పనే ఉండదు.

దారికి దూరం ఎంత అనేదానికి మన ఊళ్లోనే పాఠం ఉంది. మొహర్రం సమయంలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. లక్షల మంది వస్తారు. ఏళ్ల తరబడి వస్తున్న కుటుంబాలు రాత్రి ఎక్కడ పట్ట పరుస్తారో గమనించండి. కొళాయికి పిలుపు దూరంలో ఉంటారు, కొళాయి పక్కన ఉండరు. జనం నడిచే దారికి పది పదిహేను అడుగులు ఎడంగా, ఏదో ఒక అడ్డు వెనకగా సర్దుకుంటారు. చీకట్లో వచ్చేవాళ్ల కాలు మన తాడుకు తగిలి పడకుండా ఉండాలన్నా ఇదే పద్ధతి. టాయిలెట్లకు 50 నుంచి 100 మీటర్ల దూరం నాకు సరైనదనిపిస్తుంది, అదీ వాటికి ఎగువన. దిగువన ఎంత దూరమైనా వద్దు.

చెట్టు నీడ పగలు సుఖం. సెప్టెంబరు ఎండలో కూడా పొద్దున ఎనిమిదికల్లా టెంటు లోపల ఉక్కపోస్తుంది. పొద్దుటి నీడ కావాలంటే చెట్టు మీకు తూర్పున ఉండాలి. ఒంటరిగా ఎత్తుగా నిలబడ్డ చెట్టు కింద మాత్రం వెయ్యకండి. పిడుగులు పడే వేళ టెంటు ఏ రక్షణా ఇవ్వదు, పక్కా కట్టడంలోకి గానీ, తలుపులు మూసిన బండిలోకి గానీ వెళ్లిపోవాలి.

టెంటు సన్నవైపు గాలికి ఎదురుగా పెట్టి, గుమ్మం గాలికి వెనక వైపు ఉంచండి. వాన లేకపోయినా తాళ్లన్నీ మొదటి రోజే కట్టెయ్యండి. అర్ధరాత్రి గాలి లేచాక కట్టలేరు. వందల టెంట్లలో మనది గుర్తుపట్టడానికి మా ఇంట్లో పాత చీర కొంగు ముక్క ఒక కర్రకు కట్టిచ్చారు. చీకట్లో టార్చి వేస్తే జరీ మెరిసేది. ఫోన్ సిగ్నల్ దొరకనప్పుడు అందరం ఆ కర్ర దగ్గరికే చేరేవాళ్లం.

ఎనిమిదో మెట్టు: రాత్రి

పెద్ద పండుగల్లో ప్రశాంత విభాగం అని విడిగా ఉంటుంది. బుకింగ్‌లోనే దాన్ని ఎంచుకోండి. స్టేజీకి దగ్గరగా ఉంటే బాగుంటుందని మొదటిసారి వెళ్లేవాళ్లు అనుకుంటారు. డ్రమ్ము దెబ్బ గాల్లోనే కాదు, నేలలోంచి కూడా వీపుకు తగులుతుంది. పది నిమిషాల నడక ఎక్కువైనా దూరంగా ఉన్న చోటే నా ఓటు. ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లను వేళ్లతో సన్నగా నలిపి, చెవిని కొంచెం పైకి లాగి లోపల పెట్టి, ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోండి. ఊరికే గుచ్చితే పనిచెయ్యవు.

ఇప్పుడు చెప్పేది ప్రాణాలకు సంబంధించింది. దోమల చుట్ట, కొవ్వొత్తి, స్టవ్, నిప్పుల కుంపటి, ఏదీ టెంటులో వెలిగించకండి. మన ఇళ్లలో చుట్ట లేనిదే నిద్రపట్టదని తెలుసు. కానీ టెంటు గుడ్డకు మంట అంటుకుంటే జిప్పు తీసే లోపే కమ్మేస్తుంది. కుంపటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. చలి ఎక్కువైతే వేడినీళ్లు నింపిన సీసాకు గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. దోమలకు వలగుడ్డ జిప్పు పూర్తిగా మూసి, ఒంటికి క్రీము రాసుకోండి.

జిప్పుకు తాళం వేస్తే లోపల విలువైనదేదో ఉందని చెప్పినట్టే అవుతుంది. ఫోన్, డబ్బు, పర్మిట్, మందులు నీళ్లు చొరని కవర్లో పెట్టి ఒంటి మీదే ఉంచుకోండి. పడుకునేటప్పుడు స్లీపింగ్ బ్యాగు అడుగున, కాళ్ల దగ్గర. ఒక జత పొడి బట్టలు, పొడి సాక్స్ విడిగా కవర్లో మూసి, నిద్రకు తప్ప ఎప్పుడూ తీయొద్దు. ఎంత తడిసినా ఆ జత ఉంటే రాత్రి గడుస్తుంది.

తిరుగు ప్రయాణం

చివరి పొద్దున అందరూ ఒకేసారి బయల్దేరతారు. బండి ముందురోజే మాట్లాడుకోండి. టెంటును అక్కడే వదిలేసి రావడం ఈ మధ్య చాలామందికి అలవాటైంది, అది ఆ రైతు పొలంలో చెత్తగా మిగిలిపోతుంది. విరిగిన గూటం ముక్కలు, ప్లాస్టిక్ తాళ్లు ఒక్కొక్కటీ ఏరండి. రేపు ఆ మడిలో ఎవరో వట్టి కాళ్లతో దిగుతారు.

టెంటు తడిగా చుట్టక తప్పకపోతే చుట్టండి. కానీ ఇల్లు చేరిన రోజే, స్నానం కంటే ముందు, మిద్దె మీద దండేనికి తిరగేసి వెయ్యండి. అడుగు గుడ్డ పైకి ఉండాలి, ఎక్కువ తడి ఉండేది అందులోనే. నెల్లూరు ఎండకు రెండు గంటల్లో ఆరిపోతుంది. అంతకంటే ఎక్కువసేపు ఎండలో ఉంచకండి, ఎండకు గుడ్డ మీది పూత పాడవుతుంది. గూటాల మట్టి తుడిచి, లెక్కపెట్టి, తక్కువైనవి ఎన్నో ఒక కాగితం మీద రాసి ఆ సంచిలోనే పెట్టండి.